నల్లగొండ సైనిక చిహ్నాల ఫ్రేము: కుట్టు బాగుంది, బొమ్మలే సరిచూసుకోవాలి

నల్లగొండలో స్కూల్ బ్యాడ్జీలు, సెక్యూరిటీ గార్డుల భుజపట్టీలు కుట్టే ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం పన్నెండు సైనిక చిహ్నాల ఫ్రేము కూడా అమ్ముతోంది. ఒక్కో చిహ్నం మూడంగుళాలు. నల్ల మఖమల్ గుడ్డ మీద నాలుగేసి చొప్పున మూడు వరుసలు, పైన అద్దం, ఒక్కోదాని కింద ఒక తెలుగు వాక్యం. ధర 2,400 రూపాయలు. బడులకు, అగ్నివీర్ కోచింగ్ సెంటర్లకు పనికొచ్చే వస్తువే. కుట్టుకు వంక పెట్టలేం. చిక్కంతా నెట్‌లో దొరికిన బొమ్మను దొరికినట్టే మిషన్‌కు ఎక్కించడంలో ఉంది.

ముందుగా కుట్టు సంగతి. దారం పాలిస్టర్, రేయాన్ కాదు. రేయాన్‌కు మెరుపు ఎక్కువే గానీ ఎండ తగిలే గోడ మీద త్వరగా వెలిసిపోతుంది. మన ఎండలకు పాలిస్టరే సరి. వెనక బక్రం (బిగువుకోసం వేసే గట్టి గుడ్డ) బాగా వేశారు, అంచులు ముడుచుకోలేదు. జరీ వాడిన చోట దారం తెగి మళ్లీ అతికిన గుర్తులు కూడా లేవు. అంటే మిషన్ వేగం తగ్గించి, జరీకి తగిన పెద్ద కన్ను సూది పెట్టి కుట్టారన్నమాట. అక్షరాలు మాత్రం నలిగాయి. అయిదు మిల్లీమీటర్లకు తగ్గితే దేవనాగరి గుణింతపు గుర్తులు దారంలో కలిసిపోతాయి. వాయుసేన చిహ్నంలోని 'నభః స్పృశం దీప్తమ్' ఇక్కడ చదవలేం. భగవద్గీత పదకొండో అధ్యాయం నుంచి తీసుకున్న మాట అది, కనిపించకపోతే ఎట్లా? అంత సన్నని పనికి ఎంబ్రాయిడరీ కాకుండా నేత ప్యాచ్, అంటే బొమ్మను గుడ్డలోనే నేసిన ముక్క, చేయించుకోవాలి.

ఇక బొమ్మలు. అన్నిటికంటే పెద్ద తప్పు ఆర్మీ మెడికల్ కోర్‌ది. మన కోర్ బ్యాడ్జీలో కర్రకు చుట్టుకున్నది ఒకే పాము. గ్రీకుల వైద్యదేవుడు అస్క్లేపియస్ చేతికర్ర అది. ఫ్రేములో రెండు పాములు, పైన రెక్కలు కుట్టారు. ఆ రెక్కల కర్ర హెర్మీస్‌ది. ఆయన దేవతల దూత, వర్తకులకూ దొంగలకూ కూడా దేవుడు. అమెరికా సైన్యపు వైద్యవిభాగం 1902లో దాన్నే బ్యాడ్జీగా తీసుకోవడంతో రెండు పాములదే వైద్యం గుర్తని లోకమంతా పాకింది. మన ఊళ్ల ఆస్పత్రి బోర్డుల మీద కూడా అదే కనిపిస్తుంది. ఫ్రేములో అమెరికా వైద్యవిభాగం బ్యాడ్జీ విడిగా ఉంది కాబట్టి పక్కపక్కన రెండూ ఒకటే అయ్యాయి. ఆర్డరిచ్చేటప్పుడు 'ఒక పాము, రెక్కలు వద్దు' అని కాగితం మీద రాసివ్వండి.

జర్మనీ శిలువ తప్పు ఇంకా సున్నితం. 1813లో నెపోలియన్‌తో యుద్ధవేళ ప్రష్యా రాజు పెట్టిన ఇనుప శిలువ పతకం దీనికి మూలం. 1956 నుంచి ఇప్పటి జర్మన్ సైన్యం వాడుతున్న గుర్తులో నాలుగు చేతులూ చివరికి వచ్చేసరికి వెడల్పవుతాయి. ఫ్రేములో చేతులు తిన్నగా ఉన్నాయి. తిన్నని చేతులు, తెల్ల అంచు అంటే రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సైన్యం ట్యాంకుల మీద, విమానాల మీద వేసుకున్న శిలువ. బడి గోడ మీద పెట్టే వస్తువులో ఇది చిన్న తేడా కాదు. కుట్టు బిగిసేటప్పుడు గుడ్డ లోపలికి లాగుతుంది కాబట్టి వంపులు కాస్త తగ్గడం మామూలే. మిషన్‌కు ఇచ్చే డిజైన్ ఫైలులో 0.3 మిల్లీమీటర్ల దాకా అదనం ఇస్తే అది సర్దుకుంటుంది. ఇక్కడ మాత్రం మూలబొమ్మే తప్పు.

విమానాల గుండ్రటి గుర్తుల్లో రంగుల వరస చూడాలి. ఫ్రెంచివాళ్లది మధ్యలో నీలం, బయట ఎరుపు. బ్రిటన్‌ది దానికి ఉల్టా. మొదట్లో బ్రిటన్ తన జెండానే విమానాల మీద వేసింది. దూరం నుంచి చూస్తే జెండాలోని శిలువ జర్మన్ శిలువలా అనిపించడంతో గుండ్రాలకు మారింది. రెండో యుద్ధంలో జపాన్ ఎర్ర సూర్యుడితో పొరపడకుండా ఆసియాలో ఎరుపే తీసేశారు. మన వాయుసేనది బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. ఫ్రేములో ఇది సరిగ్గానే ఉంది. నౌకాదళానికి వేసినది మాత్రం సెయింట్ జార్జ్ ఎర్ర శిలువ ఉన్న పాత జెండా. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌక దళంలో చేరిన రోజే అది మారింది. ఇప్పుడున్నది లంగరు మీద జాతీయ చిహ్నం, దాని చుట్టూ శివాజీ ముద్ర నుంచి తీసుకున్న ఎనిమిది కోణాల జంట బంగారు అంచు. ఎనిమిది కోణాలు ఎనిమిది దిక్కులకు గుర్తు.

అమెరికా అధికారుల టోపీ మీది గద్ద అద్దంలో చూసినట్టు తిరగబడింది. దాని కుడికాలిలో, అంటే చూసేవాళ్లకు ఎడమవైపు, ఆలివ్ కొమ్మ ఉండాలి. రెండో కాలిలో పదమూడు బాణాలు. తల కొమ్మ వైపే తిరిగి ఉంటుంది కనుక తిప్పి కుట్టినా చప్పున పట్టుబడదు. మన నాలుగు సింహాల పీఠంతోనూ ఇదే జరగొచ్చు. చూసేవాళ్లకు ఎడమ గుర్రం, కుడి ఎద్దు, నడుమ చక్రం ఉండాలి. ఇందులో సరిగ్గానే వచ్చాయి.

కింది వాక్యాలు మరీ బద్ధకంగా రాశారు. సింహమైనా ఏనుగైనా 'ధైర్యానికి ప్రతీక' అనే. మద్రాస్ రెజిమెంట్ ఏనుగు 1803లో మరాఠాలతో జరిగిన అస్సాయే యుద్ధానికి దక్కిన గౌరవం. కుమావూ రెజిమెంట్ బ్యాడ్జీలో శిలువ పట్టుకున్న సగం సింహం హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధిగా, ఉన్న హెన్రీ రసెల్ వంశచిహ్నం. ఆయన నిలబెట్టిన దళం వారసత్వమే హైదరాబాద్ రెజిమెంటుగా నడిచి 1945లో కుమావూ అయింది. బీహార్ రెజిమెంట్ కూడా 1941లో అదే హైదరాబాద్ రెజిమెంట్ బెటాలియన్ ఒకదాని నుంచే పుట్టింది. అశోకుడి సింహాలు 1950లో దేశ చిహ్నం కాకముందే దాని టోపీ మీదికెక్కాయి. గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 2020 జూన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు నడిపించింది 16 బీహార్ దళాన్నే. ఉమ్మడి నల్లగొండలో అమ్మే ఫ్రేములో ఈ మాట లేకపోవడం ఏమిటో!

ఫ్రేము లోతు కూడా చాలదు. ప్యాచ్ మందం వల్ల జరీ అద్దానికి ఆనుతోంది, చెమ్మ పట్టి నల్లబడుతుంది. అద్దానికీ గుడ్డకూ నడుమ ఆరు మిల్లీమీటర్ల పట్టీ వేయమనండి. ప్యాచ్‌లను వేడి జిగురుతో అంటించారు, వేసవిలో పడమటి గోడకు అది సడలుతుంది. నాలుగు మూలలా రెండేసి కుట్లు వేయించుకోవడం మేలు.

ఇదే దుకాణంలో విడి ప్యాచ్ 120 రూపాయలు. ఫ్రేములో పెట్టుకుంటే పేచీ లేదు. సైనికుడినని నమ్మించడానికి ఒంటి మీద వేసుకుంటే మాత్రం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కు ఆ సెక్షన్ అంటదు. కొత్త డిజైన్ ఫైలుకు 500 తీసుకుంటారు, తప్పు సరిదిద్దితే మళ్లీ అడగరు. కాబట్టి పన్నెండూ కుట్టించే ముందు ఒక్కోటి మామూలు గుడ్డ మీద నమూనా తీయించి, మెడికల్ కోర్, జర్మనీ, నౌకాదళం, గద్ద ఈ నాలుగూ సరిచూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.