బ్రాడీపేట స్పీచ్ థెరపీ క్లినిక్: మావాడికీ, నాకూ

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లాలంటే పదేళ్లుగా నేను చీరాల టికెట్ తీసుకుని మధ్యలో దిగేవాణ్ణి. నాకు నత్తి, ‘ప’ నా నోట్లోంచి రాదు. అందుకే నాలుగేళ్ల మావాడు ‘నా నా నా నాన్నా’ అన్న రోజు నాకు గుండె ఆగినంత పనైంది.

మా అమ్మ వసకొమ్ము అరగదీసి వాడి నాలుకకు రాసింది. ఒక డాక్టరుగారు పెద్దయ్యాక అదే పోతుందన్నారు. చాలామంది పిల్లలకు పోతుంది కూడా. కానీ ఎనిమిది నెలలైనా తగ్గలేదు, పైగా తండ్రికి నత్తి ఉంది. అలాంటప్పుడు ఆగకుండా చూపించాలని ఈ క్లినిక్‌లో మేడమ్ చెప్పాకే తెలిసింది.

మావాడికి లిడ్‌కోంబ్ పద్ధతి మొదలుపెట్టారు. సిడ్నీలో పుట్టిన పద్ధతి ఇది. వారానికోసారి క్లినిక్‌కి వెళ్తాం కానీ అసలు పని ఇంట్లో మాదే. రోజూ పదిహేను నిమిషాలు బొమ్మల పుస్తకం ముందేసుకుని కబుర్లు చెప్పించాలి. సాఫీగా వచ్చిన మాటకు ‘భలే చెప్పావురా’ అనాలి. ఎప్పుడో ఒకసారి మాత్రం ‘అది కొంచెం తడబడింది, మళ్లీ అంటావా?’ అని అడగాలి. ‘మెల్లగా మాట్లాడు, ఊపిరి పీల్చుకో’ అనొద్దన్నారు. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ రోజంతా అన్నది అదే! రాత్రిపూట ఆ రోజు మాటకు 0 నుంచి 9 దాకా అంకె వేయాలి. 0 అంటే నత్తే లేనట్టు. మొదట్లో 6 వేశాం, ఐదు నెలలకు 1, 2 దగ్గర ఉన్నాం. జ్వరం వచ్చిన వారం 4కి వెళ్లి మళ్లీ దిగింది.

నత్తి మా పెంపకం వల్లో, భయం వల్లో వచ్చింది కాదని, మెదడు మాటను నడిపించే తీరులో తేడా అని, వంశంలో రావచ్చని, టెన్షన్ దాన్ని పెంచుతుందే తప్ప పుట్టించదని మేడమ్ ఓపిగ్గా చెప్పారు. మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది. నాకు పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేదు. అందుకే మేడమ్ మీద నమ్మకం కుదిరింది. పెదాలు బిగబట్టకుండా మాట మొదలుపెట్టడం, తేలికైన మాట వెతుక్కోకుండా అనుకున్నదే అనడం నేర్పుతున్నారు. పోయిన నెల బస్సులో ‘పొన్నూరు’ అనే అడిగాను. మూడుసార్లు ఆగింది. మావాడు పక్కనే కూర్చుని వింటున్నాడు.

45 నిమిషాలకు 600 రూపాయలు, ప్రతి వారం అంటే మాకు బరువే. అంతకంటే బాధ కలిగించేది, అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే ఇస్తారు. నత్తి ఉన్న పెద్దవాళ్లకు ఫోన్‌లో పేరు చెప్పడమే అన్నిటికన్నా కష్టం. వాట్సాప్‌లో ఇవ్వమని రెండుసార్లు అడిగాను. వచ్చే శనివారం మళ్లీ అడుగుతాను.