బరంపురంలో ‘ఫుల్ డే’ ప్రీస్కూల్ చూస్తున్నారా? మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూడండి

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం వైపు ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే తెలుగు తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. కొత్త అడ్మిషన్ల బ్యానర్లు మళ్ళీ సందుసందునా కట్టేశారు, ‘ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా మీ చిన్నారి మా దగ్గర భద్రం’ అని. డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. స్కూలు పేరు మాత్రం రాయను, మా డిపాజిట్ గొడవ ఇంకా తేలలేదు.

నేను బ్యాంకులో, మా ఆయన ఛత్రపురంలో. అత్తగారు ఇచ్ఛాపురంలో ఉంటారు, మోకాళ్ళ నొప్పులు, రోజూ బస్సెక్కి రమ్మనలేం. బాబుకి రెండేళ్ళు నిండాక బాగా పేరున్న ఒక బ్రాండు ప్రీస్కూల్ బ్రాంచిలో చేర్చాం. చూడ్డానికి ఉదయం పదిన్నరకి రమ్మన్నారు, ఆ వేళకి అక్కడి వైభోగం చూడాలి! ఏసీ గది, నలుగురు టీచర్లు, గోడల నిండా బొమ్మలు, ఒక మూల ఇసుక, రైమ్స్, చప్పట్లు. నెలకి 4,500, అడ్మిషన్, కిట్టు, యూనిఫాం, డిపాజిట్ వేరే. బేరం లేదు.

ఆ టీచర్లంతా పన్నెండున్నరకి ఇళ్ళకి వెళ్ళిపోతారన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు బ్యాంకులో సర్వర్ పడిపోయి పని ఆగిపోతే, మేనేజర్ గారిని అడిగి చెప్పాపెట్టకుండా రెండింటికి వెళ్ళాను. గేటు తియ్యడానికే చాలాసేపు పట్టింది. ఏసీ గదికి తాళం. వెనక గదిలో ఒకే ఒక్క మౌసీ (ఇక్కడ ఆయాని అలా పిలుస్తారు), చంకలో ఏడాదిన్నర పాప, చాపల మీద బాబు ఈడు పిల్లలు డజను దాకా ఉంటారు, వాళ్ళ మధ్యలోంచి పెద్ద బళ్ళు వదిలాక వచ్చిన రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు బూట్లతో పరుగులు, పైన టీవీ మోత. మావాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున నేను వేసి పంపిన డైపరే, బరువెక్కి మోకాళ్ళ దాకా జారింది. బ్యాగులో పెట్టిన డైపర్లు పెట్టినట్టే ఉన్నాయి.

అంతకుముందు నుంచీ నన్ను తొలుస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. పొద్దున నింపి పంపిన వాటర్ బాటిల్ సాయంత్రానికి దాదాపు నిండుగానే తిరిగొచ్చేది. అడిగితే ‘మీవాడు నీళ్ళు తాగడు మేడమ్’ అనేవారు. ఇంటికొచ్చీ రాగానే వంటింట్లోకి పరుగెత్తి గ్లాసు వదలకుండా తాగే పిల్లాడు! అసలు కారణం మౌసీయే చెప్పింది, పాపం ఏమీ దాచలేదు. నీళ్ళిస్తే మాటిమాటికీ తడుపుతారు, మార్చడానికి ఆవిడకి చేతులు చాలవు. తిండి వేడి చెయ్యడం, గిన్నెలు, గేటు, డైపర్లు అన్నీ ఆవిడే. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ జీతానికి ఆ చాకిరీ చేయించేవాళ్ళ మీద ఉంది. పైగా బరంపురంలో చాలామందికి తెలుగు వస్తుంది గానీ ఈవిడ భంజనగర్ వైపు నుంచి వచ్చారు, మావాడేమో తెలుగు తప్ప మాట్లాడడు, దాహం అన్నా ఆవిడకి తెలియదు.

సీసీ కెమెరా లేదా అంటారేమో. ఉంది, ఏసీ గదిలో. మధ్యాహ్నం యాప్ తెరిస్తే ఖాళీ గది కనిపిస్తుంది, ఫోన్ చేస్తే ‘పక్క గదిలో పడుకున్నారు’ అంటారు. పైన పటారం, లోన లొటారం.

ఎండాకాలం కథ వేరే. ఒడిశాలో ఎండలు ముదిరితే ప్రభుత్వం బళ్ళని ఉదయం పూటకి మార్చేస్తుంది, 2024 ఏప్రిల్‌లో ఆరున్నర నుంచి పదిన్నర దాకానే నడిపారు. అది పిల్లల మంచికే, కాదనను. మా స్కూలువాళ్ళు దాన్ని అడ్డం పెట్టుకుని డే కేర్ కూడా ‘మార్నింగ్ క్లాస్’ చేసేశారు, పదకొండింటికల్లా తీసుకుపొమ్మని రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ మెసేజ్. ఫీజు మాత్రం ఫుల్ డేదే. రజ పండగ, రథయాత్ర, దసరా, అన్నిటికీ బడి సెలవులే డే కేర్‌కీ. బ్యాంకుకి అన్ని సెలవులెక్కడివి? మా ఇద్దరి లీవులూ వాటికే కరిగిపోయాయి.

ఆ బ్రాండు కంపెనీ హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే ‘మా ఒప్పందం ప్రీస్కూల్ వరకే, డే కేర్ అక్కడి ఓనర్ సొంతంగా పెట్టుకున్నది’ అన్నారు. మరి బోర్డు మీద రెండూ ఒకే పేరు కింద ఎందుకున్నాయంటే జవాబు లేదు.

తర్వాత నేను కాస్త చదివితే తెలిసిన సంగతులు కొన్ని. విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకే, అంతకంటే చిన్నవాళ్ళు దాని కిందికి రారు. చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద 2013లో వచ్చిన జాతీయ విధానం ప్రకారం మూడేళ్ళలోపు పిల్లలు 10 మందికి ఒక పెద్దమనిషి, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళయితే 20 మందికి ఒకరు ఉండాలి. ప్రైవేటు ప్లే స్కూళ్ళకి జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలైతే మూడేళ్ళు నిండనివాళ్ళని చేర్చుకోవద్దనీ, రోజుకి మూడు నాలుగు గంటలు చాలనీ అంటాయి. అంటే రెండేళ్ళ బిడ్డ కోసం మనం కొంటున్నది స్కూలు కాదు, క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు. రైమ్స్, ఇంగ్లీషు, గ్రాడ్యుయేషన్ డే ఫొటోలు పక్కన పెట్టి దాన్ని క్రెష్ లాగే చూడండి: ఎవరు తినిపిస్తారు, ఎవరు కడుగుతారు, ఎక్కడ పడుకోబెడతారు, మౌసీ రాని రోజు ఎవరుంటారు.

అందుకే చూడ్డానికి వెళ్తే మధ్యాహ్నం రెండు, మూడు మధ్య వెళ్ళండి. ‘పిల్లలు పడుకుంటారు, అప్పుడు వద్దు’ అంటే తలుపు దగ్గర నిలబడి చూస్తామనండి, దానికీ ఒప్పుకోకపోతే వచ్చేయండి. పెద్ద పిల్లల్ని అదే గదిలో కలుపుతున్నారేమో అడగండి. బాత్రూమ్ చూడండి, ఆఫీసు పక్కది కాదు, పిల్లలు వాడేది. సెలవుల పట్టిక డే కేర్‌కి వేరుగా కాగితం మీద ఇమ్మనండి, అందులో మార్నింగ్ క్లాస్ రోజుల్లో ఎన్నింటిదాకా ఉంచుకుంటారో రాయించండి.

అడ్మిషన్ ఫారంలో ‘సాధారణ మందులు ఇవ్వడానికి అనుమతిస్తున్నాను’ అని ఒక లైను ఉంటే కొట్టేసి సంతకం పెట్టండి. మా ఫారంలో ఉంది. జలుబు సిరప్పుల్లో కొన్ని పిల్లల్ని మత్తుగా పడుకోబెడతాయి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన సిరప్పులు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మాకు చెప్పకుండా, మేం ఒప్పుకోకుండా ఏ చుక్కా పొయ్యొద్దని రాసివ్వండి.

50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరణతో వచ్చిన నియమం ప్రకారం క్రెష్ సదుపాయం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చు. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో చేసే అక్కలు ముందు మీ ఆఫీసులో అడగండి, అడగందే ఎవరూ చెప్పరు. ఎక్కడైనా పిల్లల్ని కొడుతున్నట్టు, కట్టి కూర్చోబెడుతున్నట్టు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, అది వేరే లెక్క.

ఇప్పుడు బాబు ఒక రిటైర్డ్ నర్సు గారింట్లో ఉంటున్నాడు, ఆవిడ కొద్దిమంది పిల్లల్నే చూస్తారు, ఏసీ లేదు, బాటిల్ మాత్రం ఖాళీగా వస్తోంది. డిపాజిట్ ఇంకా రాలేదు. మీరు కట్టేటప్పుడు రసీదు మీద ‘తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్’ అని రాయించుకోండి. నోటితో డిపాజిట్ అని అడిగి మాకిచ్చిన రసీదులో ‘డెవలప్‌మెంట్ ఫండ్’ అని రాశారు, ఇప్పుడు దాన్నే చూపించి పైసా రాదంటున్నారు.