టింగాలో చికెన్ బదులు పనసా, పుట్టగొడుగా, హమైకా పూలా: ఏది మేలు?

"చికెన్ లేకుండా టింగా చెయ్యాలంటే పనస వెయ్యాలా, పుట్టగొడుగు వెయ్యాలా?" ఈ ఏడాది నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మేముండే డల్లాస్ వైపు మనవాళ్ళలో శాకాహారులు చాలామంది మెక్సికన్ హోటల్‌కి వెళ్ళినా బీన్స్ బరీటోతో సరిపెట్టుకుంటారు. (ఆ బీన్స్‌ని పంది కొవ్వులో వేయించే అలవాటు ఉంది. అడిగి తినండి.) ఇంట్లో చేసుకుందాం అనుకునేవాళ్ళు ముందు టింగాతోనే మొదలుపెడతారు. అందుకని పోయిన నెల ఒక ఆదివారం మూడు రకాలూ పక్కపక్క పొయ్యిల మీద వండి చూశాను.

టింగా మెక్సికోలోని పుయెబ్లా ప్రాంతపు వంట. ఉడికించిన కోడిని పోగులుగా చీల్చి, ఉల్లిపాయ, టమాటా, చిపోట్లే (పొగలో ఎండబెట్టిన మిరపకాయ) ముద్దలో మగ్గించి తోస్తాదా (కరకరలాడే మొక్కజొన్న రొట్టె) మీద వేస్తారు. కోడి తీసేస్తున్నాం అనగానే అందరి ధ్యాసా ఆ పోగుల మీదికే పోతుంది. నోటికి పీచుపీచుగా తగిలితే చాలనుకుంటారు. నా లెక్కలో తేడా తెచ్చేది పీచు కాదు, రసం. అసలు వంటలో కోడి ఉడికిన నీళ్ళనే కాస్త ముద్దలో పోస్తారు. టమాటా పులుపూ, చిపోట్లే పొగవాసనా వేటికవి విడిగా ఉండిపోకుండా కలిపేది ఆ నీళ్ళే. కోడి లేనప్పుడు ఆ చోటికి ఏమొస్తుంది? ఏ దినుసు వాడాలన్నా ముందు ఇది చూసుకోవాలి.

పనసతో చిక్కు ఇక్కడే. ఉప్పునీళ్ళ డబ్బాలో వచ్చే లేత పనస చూడ్డానికి అచ్చం చీల్చిన చికెన్‌లానే ఉంటుంది. కానీ పోసిన రసమంతా తాగేస్తుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. మన పనసపొట్టు కూరనే తీసుకోండి. దానికి రుచి వచ్చేది ఆవ పెట్టడం వల్ల, ఇంగువ పోపు వల్ల. టింగాలో ఆ పని చేసిపెట్టే దినుసు వేరే ఏదీ లేదు. పనసే వాడేట్టయితే బాగా కడిగి, గట్టిగా పిండి, అంచులు ఎర్రబడేదాకా నూనెలో వేయించాకే ముద్దలో వెయ్యండి. మర్నాటికి రుచి కొంచెం మెరుగవుతుంది. ఊళ్ళో మన బజారులో కొట్టి అమ్మే పొట్టు మాత్రం దీనికి పనికిరాదు, మరీ సన్నగా ఉంటుంది.

పుట్టగొడుగుల్లో నేను వాడేది ఆయిస్టర్ రకం. మెక్సికోలో సేతాస్ అంటారు. అక్కడివాళ్ళకి పుట్టగొడుగు అంటే మాంసం లేనప్పుడు వేసుకునేది కాదు. కేసడియాల్లో (చీజ్ పెట్టి మడిచి కాల్చే రొట్టెల్లో) ఎప్పటినుంచో పెట్టుకు తింటున్నారు. నలుగురికి 400 గ్రాములు సరిపోతాయి. కత్తి పెట్టకండి. గొడుగు అంచు దగ్గర పట్టుకుని కాడ వైపు లాగితే పొడుగ్గా, పోగులాగే చీలుతుంది. మూకుడు బాగా వేడెక్కాక నూనె లేకుండా వేసి, చిటికెడు ఉప్పు చల్లండి. కాసేపటికి చిటపటలు ఆగి, అడుగున గోధుమరంగు నీళ్ళు ఊరతాయి. చాలామంది ఆ నీళ్ళు ఇగిరిపోయేదాకా మంట పెంచుతారు. అలా చెయ్యకండి. వాటిని చిన్న గిన్నెలోకి వంపి దాచండి. ఆ తర్వాత నూనె వేసి, అంచులు కరకరలాడేదాకా వేయించండి. ముద్ద మగ్గేటప్పుడు కోడి నీళ్ళకు బదులు ఈ గిన్నెలోవి పొయ్యండి. నేను మొదటిసారి అలా పోసి రుచి చూసినప్పుడు, ఇంతకాలం నా టింగాలో ఏం తక్కువైందో అప్పుడు తెలిసింది.

కానీ పుట్టగొడుగు ముట్టని ఇళ్ళు మనలో ఎన్నో. మా అత్తగారూ ముట్టరు. ఆవిడ కోసమే మూడోది చేశాను. మెక్సికన్ కొట్టులో ముదురు ఎరుపు రంగులో ఎండబెట్టి అమ్మే హమైకా పూలు. అక్కడ గెర్రెరో రాష్ట్రంలో ఎక్కువగా పండిస్తారు. నానబెట్టిన గిన్నెలోకి ఆవిడ తొంగి చూసి, ఒక రేకు నోట్లో వేసుకుని, "ఇది గోంగూర కాయ పొట్టు కాదుటే అమ్మాయ్?" అన్నారు. అదే మరి. మన ఎర్ర గోంగూర కాయ చుట్టూ కండగా పెరిగే రక్షకపత్రాలే ఇవి. పచ్చడి నూరుకునే మనకి వీటి పులుపు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పులుపుతోనే జాగ్రత్త. రెండు కప్పుల పూలని పది నిమిషాలు ఉడికించి వార్చాలి. కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పది నిమిషాలు ఉడికించి పిండెయ్యాలి. ఆ తర్వాత కూడా పులుపు మిగిలే ఉంటుంది కాబట్టి టమాటా సగానికి తగ్గించి, ఉల్లిపాయ రెట్టింపు వేసి, ఎర్రగా వేగనివ్వాలి. చివర చిన్న ముక్క పిలోన్సియో వెయ్యాలి. అది దొరక్కపోతే మన బెల్లమే వెయ్యొచ్చు, రెండూ చెరకురసం కాచి పోసినవే. పుట్టగొడుగులా రసం ఇవ్వదు, నిజమే. కానీ పనసలా చప్పగా పడి ఉండదు. దాని రుచి దానికుంది, నమలడానికీ బాగుంటుంది. అత్తగారు రెండోసారి పెట్టించుకున్నారు.

మీల్‌మేకర్ కూడా అడుగుతున్నారు. నానబెట్టి పిండినా ఆ సోయా వాసన చిపోట్లేని దాటి పైకొస్తుంది. పనీర్ ఎలాగూ పోగులుగా చీలదు, వద్దు.

నా ఓటు పుట్టగొడుగుకే, అందులో అనుమానం లేదు. అది తినని ఇంట్లో హమైకా. ఇరవైమందికి పొద్దున్నే వండి రాత్రిదాకా ఉంచాల్సి వస్తే మాత్రం పనస తీసుకోండి, మెత్తబడిపోదు. పిల్లలూ పేచీ పెట్టకుండా తింటారు.

హమైకా చేసినవాళ్ళు మొదటిసారి వార్చిన ఎర్రటి నీళ్ళు పారబొయ్యకండి. పంచదార కలిపి, చల్లటి నీళ్ళు పోసి పలచన చేస్తే అదే ఆగ్వా దె హమైకా. తోస్తాదా పక్కన గ్లాసుల్లో పొయ్యండి.