పులిపిర్ల మందు: పన్నెండు వారాలు వాడాక నా మాట

నేను బుచ్చిరెడ్డిపాళెంలో జాకెట్లు కుడతాను. ఇక్కడ రాస్తున్నది మెడికల్ షాపుల్లో దొరికే పులిపిర్ల మందు గురించి. పది మిల్లీలీటర్ల చిన్న సీసా. సాలిసిలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ చెరి 16.7 శాతం అని అట్ట మీద ఉంటుంది. ఈ రకం మందు రెండు మూడు కంపెనీలది దొరుకుతుంది, అందుకని పేరు రాయడం లేదు.

నాకు కుడిచేతి మీద నాలుగు లేచాయి. బొటనవేలి మీద రెండు, మధ్యవేలి కణుపు దగ్గర ఒకటి, చూపుడువేలి గోరు పక్కన ఒకటి. నొప్పి లేదు కాబట్టి మొదట్లో పట్టించుకోలేదు. ఒకరోజు వెంకటగిరి చీరకు ఫాల్ కుడుతుంటే, బొటనవేలి మీది గరుకు తగిలి జరీ పోగు లేచింది. ఆ పోగు సర్దడానికి గంట పట్టింది. అప్పటి నుంచి పట్టుచీర ఏది వచ్చినా చేతికి ప్లాస్టర్ చుట్టుకుని కూర్చునేదాన్ని.

చీర సంగతి పోనీ. ఒక పెళ్లికూతురికి కొలతలు తీస్తున్నాను. మెడ దగ్గర టేపు పెట్టగానే వాళ్లమ్మ నా చెయ్యి చూసి, "ఏంది అది, అంటుకుంటుందా?" అంది. నేను జవాబు చెప్పేలోపే టేపు తన చేతిలోకి తీసుకుని, "నేను కొలుస్తాలేమ్మా, నువ్వు రాసుకో" అంది. ఆమె చెడ్డగా ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తర్వాత చాలా రోజులు డబ్బులు ఎడమచేత్తో తీసుకోలేక, కుడిచెయ్యి చాపలేక, "మిషన్ మీద పెట్టండక్కా" అనేదాన్ని.

ఇంట్లో చెప్పినవన్నీ చేశాను. మా అత్త గుడిలో ఉప్పు, మిరియాలు వేస్తానని మొక్కుకోమంది, మొక్కుకున్నాను. తల వెంట్రుక బిగించి కట్టాను. పక్కింటి పిన్నమ్మ సున్నం, బట్టల సోడా కలిపి పెట్టింది. అది మటుకు ఎవరూ చెయ్యొద్దు. పులిపిరితో పాటు చుట్టూ మంచి చర్మం కూడా కాలింది. పుండు మానాక అదే చోట మళ్లీ లేచింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతే ఈ మందు కొన్నాను. షాపు అబ్బాయి "రాయండి, పోతుంది" అన్నాడు, అంతే. లోపలి కాగితం ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాలు. వేలంతా పూశాను. మండి, తెల్లగా పొరలు లేచి సూది పట్టుకోలేకపోయాను. నాలుగో రోజుకే సీసా అటక మీద పెట్టేశాను. అప్పుడే ఇది రాసి ఉంటే పనికిరాని మందు అని రాసేదాన్ని.

చివరికి బస్సెక్కి నెల్లూరు వెళ్లాను. ఆత్మకూరు బస్టాండులో దిగి పొగతోటలో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నిజం చెప్పాలంటే నా టెన్షన్ వేరే. పులిపిర్లు హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయని, అది క్యాన్సర్ వైరస్ అని ఎవరో చెప్పారు. నెలరోజులు ఈ భయం మా ఆయనకు కూడా చెప్పలేదు. డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయట. చేతి మీద వచ్చేవి ఎక్కువగా 2, 4, 27 లాంటి రకాలు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు ముఖ్య కారణం 16, 18 రకాలు. ఇవి అవి కావు. ఆ క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే టీకా ఈ చేతి పులిపిర్ల కోసం కాదు, కానీ మా పాపకు అది వేయించమని మాత్రం గట్టిగా చెప్పింది. నాకు అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి.

బ్లేడుతో పైపొర కొంచెం గీకి నల్లచుక్కలు చూపించింది. మన వాళ్లు వాటిని వేర్లంటారు, పీకితే పోతుందంటారు. అవి వేర్లు కావు, గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలట. కరెంటుతో కాల్చవచ్చు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించవచ్చు, కానీ సూదిపని చేసే చెయ్యి కాబట్టి ముందు మందుతో చూద్దామంది. రాసిచ్చింది నా అటక మీది సీసానే!

వాడే పద్ధతి మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పింది. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చెయ్యి నానబెట్టాలి. మెత్తబడ్డ తెల్లపొరను గోళ్లు అరగదీసే ఆకురాయితో మెల్లగా గీకాలి, రక్తం వచ్చేదాకా కాదు. తుడిచి, చుట్టూ వాజిలిన్ రాసి, సరిగ్గా పులిపిరి మీద ఒక్క చుక్క. ఆరాక తెల్లటి పొరలా గట్టిపడుతుంది. మండితే రెండు రోజులు ఆపాలి. ఆకురాయి ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. ఈ మందుకు ఇట్టే నిప్పు అంటుకుంటుంది, కాబట్టి పొయ్యి దగ్గర, దీపం దగ్గర వద్దు. ముఖం మీద, మర్మాంగాల దగ్గర అసలు వద్దు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు.

నెల దాటినా పెద్ద తేడా కనపడలేదు. మూత సరిగా బిగించక ఒక సీసా జిగురులా గడ్డకట్టి పాడైంది. ఎనిమిదో వారంలో కణుపు దగ్గరది రాలిపోయింది. పదకొండో వారానికి బొటనవేలి మీదవి రెండూ పోయాయి. వేలి గీతలు మళ్లీ కలిసి కనిపిస్తే పోయినట్టే గుర్తు అని డాక్టరమ్మ చెప్పింది. రోజూ పొద్దున కిటికీ వెలుతురులో ఆ గీతలు చూసుకునేదాన్ని. మా బాబుకు మోకాలి మీద ఒకటుంది, దానికి ఏమీ రాయడం లేదు. పిల్లల్లో చాలావరకు రెండేళ్లలోపు వాటంతట అవే పోతాయంది.

మందుకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ కాగితానికి. నాలాంటి వాళ్లు చదవగలిగేలా తెలుగులో నాలుగు ముక్కలు వేస్తే ఒక సీసా, మూడు నెలల బాధ మిగిలేవి.

గోరు పక్కది ఇంకా ఆవగింజంత ఉంది. గోరు పక్కన, గోరు కింద ఉన్నవి మొండివట, దాన్ని గడ్డకట్టించాలంది. వచ్చే మంగళవారం పొగతోటకు పోతున్నాను.