మన్ననూరు గేటుకు ఇవతల పాకం, అవతల తేనె

శ్రీశైలం రోడ్డు మీద హాజీపూర్ చౌరస్తా దాటాక, అడవి మొదలయ్యేలోపు, రోడ్డు పక్కన చెట్టు కింద అమ్మే 'చెంచు తేనె' కొనకండి. అమ్రాబాద్ అడవి గురించి, అక్కడ పెంటలనే చెంచు గూడేల గురించి చెప్పాల్సింది చాలా ఉంది గానీ ముందు ఈ ముక్క చెప్పకపోతే కడుపుమంట చల్లారదు. కిలో సీసా 650 అన్నాడు, బేరమాడితే 500కు దిగాడు. పక్కన బకెట్లో తేనెపెర ముక్క, దాని మీద నాలుగు చచ్చిన తేనెటీగలు. పెర ముక్క అసలుదే. సీసాలోదే అబద్ధం.

అమ్మినవాడు పరీక్షలన్నీ చేసి మరీ చూపించాడు. గ్లాసు నీళ్లలో బొట్టు వేస్తే కరగకుండా అడుగుకు దిగింది. అగ్గిపుల్ల ముంచి గీస్తే అంటుకుంది. పేపరు మీద చుక్క వేస్తే తడి పాకలేదు. మా వదిన అక్కడే రెండు సీసాలకు డబ్బులు తీసింది. ఈ మూడు పరీక్షలూ చెప్పేది ఒక్కటే: లోపలున్నది చిక్కగా ఉందా, పలచగా ఉందా అని. పంచదార పాకాన్ని ముదురుగా కాస్తే మూడింటిలోనూ పాసవుతుంది. నల్లమల పెర తేనెలో నీటి శాతం ఎక్కువ. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు, అడవి నుంచి నేరుగా వచ్చిన తేనె చాలాసార్లు ఆ గీత దాటే ఉంటుంది. అందుకే అది నీళ్లలో తొందరగా కరుగుతుంది, పేపరును తడుపుతుంది, అగ్గిపుల్లను అంటుకోనివ్వదు. పాసైంది పాకం, ఫెయిలైంది తేనె.

మర్నాడు మన్ననూరులో గిరిజన సహకార సంస్థ తేనె కొన్నాక రెండూ పక్కపక్కన పెట్టి నాకి చూశాం. అడవి తేనెకు నాలుక చివర కాస్త వగరు, గొంతులో చిన్న ఘాటు ఉంటాయి. మొదటి సీసాలో తీపి తప్ప ఇంకేమీ లేదు. ఈ సంస్థ 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది. సరుకు ఎప్పుడూ ఉండదు, ఉన్నప్పుడు మాత్రం రశీదుతో దొరుకుతుంది. 'పెర తేనెనా, పుట్ట తేనెనా' అని అడిగి తీసుకోండి. పెర తేనె కొండచరియలకూ ఎత్తైన చెట్లకూ వేలాడే పెద్ద పట్టులోది. పుట్ట తేనె తొర్రల్లో, పుట్టల్లో పెట్టేది. కంపల మీద అరచేయంత పట్టు పెట్టే జుంటి తేనె అంగడి దాకా రావడం అరుదు, అది ఇంట్లో పిల్లలకే సరిపోతుంది.

దారి విషయం ఒక్క ముక్కలో: హైదరాబాద్ నుంచి కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు, మొత్తం 140 కిలోమీటర్ల చిల్లర. రోడ్డు బాగుంది. డీజిల్, మందులు, నగదు అన్నీ హాజీపూర్‌లోనో అచ్చంపేటలోనో చూసుకోండి. మన్ననూరు దాటితే ఫోను జేబులో బరువే, సిగ్నల్ వస్తుంది పోతుంది.

బస దగ్గర రెండో దెబ్బ తగిలింది. గేటుకు ఇవతల, రోడ్డు నుంచి లోపలికి, 'చెంచు పల్లె అనుభవం' అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు బస అది. గది 2,800, అదనపు పరుపు 500, వేడినీళ్లు బకెట్ 40. చెంచు గుడిసె అని చూపించింది సిమెంటు గోడకు వెదురు తడికె అతికించి, పైన రేకులేసి, రేకుల మీద గడ్డి పరిచిన గది. ఏప్రిల్ ఎండకు లోపల కుంపటే. అసలు చెంచుల చుట్టు గుడిసెకు గోడ వెదురు తడికె, పైకప్పు కోసుగా బోద గడ్డి. గాలి తడికెలోంచి వస్తుంది, వేడి కోసులోంచి పోతుంది. రేకు దూరితే ఆ కిటుకు చచ్చిపోతుంది. రాత్రి పదిన్నర దాకా డీజే పెట్టారు, పులుల అడవి అంచున! వడ్డించినవాళ్లలో ఒక్కరూ చెంచులు కారు, ఆ ఊరివాళ్లూ కారు. భోజనం 180, పప్పు నీళ్లు. అన్నయ్య అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. డబ్బు పెట్టేదుంటే అటవీ శాఖ మన్ననూరులో నడిపే కాటేజీలకే పెట్టండి. శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి కనుక ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోకుండా బయలుదేరొద్దు.

ఇక గేటు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి పడుతుంది, ఉదయం 6కి లేస్తుంది. 8.50కి వెళ్లి బతిమాలడం దండగ, అవతలి గేటు దాకా పోవాలి కదా. సాయంత్రం 7 దాటితే ఆ రోజుకు ఇవతలే ఆగిపోవడం మేలు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తనిఖీలో తీయిస్తారు. స్టీలు బాటిళ్లు తెచ్చుకున్నవాళ్లకు ఆ తంటా లేదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో కోర్ ఏరియానే 2,166. 2014 దాకా ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగం, రాష్ట్రం విడిపోయాక వేరైంది. ఫరహాబాద్ నుంచి వ్యూ పాయింట్ దాకా సఫారీ ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. పులి కనిపిస్తుందని పిల్లలకు మాటివ్వకండి. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు ఖాయం, ఎలుగు అదృష్టం. ఉదయం మొదటి ట్రిప్పే ఎక్కండి. పదకొండు దాటితే అడవి నిద్రపోతుంది, జీపులో మీరూ నిద్రపోతారు.

సఫారీలో జంతువుల కన్నా విలువైనది వెంట వచ్చే చెంచు ట్రాకరు మాట. డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చుంటాడు, అడిగితే తప్ప నోరు విప్పడు. తేనె గురించి అడగండి. మాకు దూరంగా లోయ అవతల ఎర్ర బండ చూపించాడు, దాని కింద నల్లగా వేలాడుతున్నవి పెరలు.

పెర కోయడం ఇద్దరు ముగ్గురితో అయ్యే పని. పైన చెట్టు మొదలుకు తాడు కడతారు. ఒకప్పుడు తీగలతో, నారతో పేనిన తాడు, ఇప్పుడు ఎక్కువగా కొన్న తాడే. పచ్చాకు కట్టకు నిప్పంటించి పొగ పెడితే ఈగ పక్కకు జరుగుతుంది. దిగినవాడు కత్తితో కోసి, వేలాడదీసిన డబ్బాలోకి పడేస్తాడు. పైన తాడు దగ్గర కూర్చునేది భార్య తమ్ముడో అన్నో. ఎందుకని అడిగితే ట్రాకరు నవ్వాడు: "బామ్మర్దే పట్టాలె సారూ. అక్క పుస్తె తనే తెంపుకుంటడా?"

పెర మొత్తం ఒక్కటే పెద్ద చెక్క. తేనె ఉండేది బండకు అంటుకున్న పై భాగంలో, లావుగా ఉబ్బి ఉంటుంది. దాన్ని తలకాయ అంటారు. కిందిదంతా పిల్లపురుగు, పుప్పొడి. తెలిసినవాడు తలకాయ కోసి కింది భాగం జోలికి పోడు. పొగ బదులు మంట పెట్టి, పెర మొత్తం నరికి, బకెట్లో పిసికేవాళ్లూ ఉన్నారు, ఎక్కువగా బయటి నుంచి వచ్చినవాళ్లు. అలా పిసికిన తేనెలో పురుగు రసం, పుప్పొడి కలిసి వారానికే పులుస్తుంది. కోసిన తలకాయను ముక్కలు చేసి, పిండకుండా, గుడ్డలో వేలాడదీసి వడకడితే నెలల తరబడి నిలుస్తుంది. ఈగ ప్రతి ఏడూ వలస పోయి మళ్లీ అదే బండకు వస్తుంది. "పిల్లలున్న చెక్క కోస్తె మల్లేడు ఈగ ఈ దిక్కు రాదు" అన్నాడు ట్రాకరు. అడవిని కాపాడటం మీద గేటు దగ్గర పెట్టిన పెద్ద బోర్డు కన్నా నాకు ఈ మాటే ఎక్కింది.

తపసి చెట్టు బెరడు నుంచి కారే జిగురుదీ ఇదే లెక్క. చెట్టు చుట్టుకొలత 90 సెంటీమీటర్లన్నా లేనిదే గాటు పెట్టకూడదు. గాటు బెరడు దాకానే, చేవకు తగలకూడదు. గొడ్డలితో లోతుగా కొడితే ఆ ఏడు జిగురు ఎక్కువే కారుతుంది, రెండో ఏడు చెట్టు ఎండుతుంది. వాన తగిలిన జిగురు నల్లబడి ధర పడిపోతుంది కాబట్టి పని అంతా ఎండాకాలంలోనే. గడ్డలు తవ్వేవాళ్లు నూలగడ్డ కింది భాగం తీసుకుని, తీగ ఉన్న మొదలును మళ్లీ అదే గుంటలో పెట్టి మన్ను కప్పుతారు. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి చిన్న ఉత్పత్తులు సేకరించే హక్కును కాగితం మీద ఇచ్చింది. గుంటలో తీగ పెట్టే అలవాటు అంతకు ఎన్నో తరాల ముందుది.

ఎండాకాలంలో అడవికి అసలు శత్రువు నిప్పు. నడుములోతు బోద గడ్డి ఎండి ఉంటుంది, కారు అద్దంలోంచి విసిరిన ఒక్క సిగరెట్ పీక చాలు. ఫిబ్రవరి నుంచే బాటల పక్కన ఆకు ఊడ్చి అగ్గి గీతలు తీస్తారు. వీపుకు తగిలించుకుని ఆకులు ఊదే యంత్రాలు ఉన్నాయి, వాటిని మోసేవాళ్లలో పెంటల కుర్రాళ్లే చాలామంది.

కోర్ ఏరియాలోని అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్ లాంటి పెంటలకు సొంత కారులో దూరిపోకండి, అనుమతి లేకుండా వెళ్తే కేసు. అనుమతి ఉన్నా బిస్కెట్లు పంచి ఫోటోలు దిగే పని వద్దు. పిల్లలు కారు కనబడితే చెయ్యి చాపడం ఇలా వచ్చేవాళ్లు నేర్పిందే. లోపలికి వెళ్లాలనుకుంటే జాతరలున్నాయి: శివరాత్రికి భౌరాపూర్, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం. సలేశ్వరంలో పూజారులు చెంచులే. 'వస్తున్నం లింగమయ్యా' అంటూ లోయలోకి దిగుతారు, 'పోతున్నం లింగమయ్యా' అంటూ ఎక్కుతారు. రాళ్ల బాట, నిటారు దిగుడు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు పైనుంచే దండం పెట్టుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా తీసుకెళ్లండి.

మల్లెలతీర్థం ఏప్రిల్‌లో దండగ. 350 మెట్లు దిగితే బండ మీద చెమ్మ కనబడింది, వదిన ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెడుతూ మమ్మల్ని తిట్టింది. వానలు పడ్డాక వెళ్లండి. ఆక్టోపస్ వ్యూ పాయింట్ మాత్రం ఏ కాలంలోనైనా సరే, కృష్ణ వంపులు కింద పరుచుకుని ఉంటాయి.

తిండి దగ్గర మాత్రం మనసు నిండింది. రోడ్డు పక్క ఊళ్లో ఇంటి ముందు పందిరి కింద ఒకామె నడిపే చిన్న హోటల్. జొన్నరొట్టె 20, చింతచిగురు పప్పు 40, నాటుకోడి 200. రొట్టె చేత్తో తట్టిందే, అంచులు పగిలి, మధ్యలో మెత్తగా. చిగురును ఎండు మిరపకాయతో నలిపి పప్పులో చివర్న వేసింది, ముందే వేస్తే పులుపు పప్పును ఉడకనివ్వదట. నలుగురం కడుపునిండా తింటే 620. రాత్రి నుంచి మూగనోము పట్టిన అన్నయ్య ఇక్కడ నోరు తెరిచి మూడో రొట్టె అడిగాడు.

పందిరి పక్కనే పొడ తూర్పు ఎడ్లు కట్టేసి ఉన్నాయి, తెల్ల ఒంటి మీద గోధుమ రంగు పొడలు. ఈ అమ్రాబాద్ జాతికి 2020లో జాతీయ గుర్తింపు వచ్చింది. అడవి మేతతో, రాళ్ల నేలలో బతికే పశువు, కురుమూర్తి జాతరలో వీటికి మంచి గిరాకీ.

చివరగా సీసా సంగతి. అసలు తేనె కొన్నాక మూత బిగించి ఎండలో కారులో వదలొద్దు. తేమ ఎక్కువ కాబట్టి పులిసి గాలి పుడుతుంది. సీసా పావు వంతు ఖాళీ ఉంచి, రెండు రోజులకోసారి మూత వదులు చేసి బిగించాలి. కాచొద్దు, ఏడాది లోపు పిల్లలకు నాకించొద్దు. ఇవన్నీ కొన్నచోటే చెప్పారు, మేమే వినలేదు. డిండి చెరువు దగ్గర గంటసేపు బండి ఆపి వచ్చేసరికి మూత తన్నుకుని లేచింది, అరకిలో సీటు కిందికి పోయింది. సీటు కవర్లు ఉతికించడానికి 350. పాకం సీసాలు రెండూ చుక్క కారలేదు.