మల పరీక్షా, కొలనోస్కోపీనా? పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఏది మేలు?

ఏ లక్షణమూ లేకుండానే పెద్దపేగు క్యాన్సర్‌ను వెతకడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఇంట్లోనే పుల్లతో కాస్త మలం తీసి, చిన్న సీసాలో పెట్టి ల్యాబుకు పంపితే, అందులో కంటికి కనబడని రక్తాన్ని వెతికే ఫిట్ పరీక్ష ఒకటి. మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపలంతా చూసే కొలనోస్కోపీ రెండోది. అమెరికాలో 2021 నుంచి ప్రభుత్వ నిపుణుల సంఘం 45 ఏళ్లకే మొదలుపెట్టమంటోంది.

సుఖం లెక్కన పోటీయే లేదు. ఫిట్‌కు ఉపవాసం, పథ్యం అక్కర్లేదు. మనిషి రక్తాన్నే గుర్తిస్తుంది కాబట్టి నిన్న తిన్న మాంసం దాన్ని బోల్తా కొట్టించలేదు. కొలనోస్కోపీకి ముందు పేగు కడగాలి, అంటే లీటర్ల కొద్దీ విరేచనాల మందు తాగాలి. చేయించుకున్నవారు గొట్టం కన్నా ఆ రాత్రి గురించే ఎక్కువ చెబుతారు.

పట్టుకునే శక్తిలో తేడా పెద్దది. 2014లో వెలువడిన, దాదాపు పదివేల మందిపై జరిగిన అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఫిట్ 74 శాతం క్యాన్సర్లను పట్టింది. ముదిరే అవకాశమున్న పాలిప్‌లలో (పేగు లోపలి గోడపై మొలిచే చిన్న కండలు) మాత్రం 24 శాతమే దొరికాయి. రక్తం కార్చని పాలిప్ ఫిట్‌కు లేనట్టే. కొలనోస్కోపీలో అది కనబడితే అప్పుడే తీసేస్తారు. పాలిప్ క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది కనుక జబ్బును పుట్టకముందే ఆపినట్టు. పేగుకు చిల్లు పడే ముప్పు వెయ్యిలో ఒకరికన్నా తక్కువ మందికే అయినా, ఉంది.

మరి స్పెయిన్‌లో ఈ రెండు పరీక్షలనూ పోల్చిన అధ్యయనంలో రెండూ సమానంగా తేలాయి కదా? 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం పదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచినవారిలో 0.24 శాతం, ఒక్కసారి కొలనోస్కోపీకి పిలిచినవారిలో 0.22 శాతం. ఇక్కడ కీలకం ఆ పిలుపే, అంటే పరీక్ష చేయించుకొమ్మని ఎవరో గుర్తుచేయడం. ఇంగ్లండ్‌లో కిట్టు పోస్టులో ఇంటికే వస్తుంది. మన జాతీయ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను వెతుకుతుంది, పెద్దపేగును కాదు. గుర్తుచేసే నాథుడు లేడు. అందుకే నా లెక్క ఇది: ఏటా క్రమం తప్పనివారికి ఫిట్ చాలు. షుగరు పరీక్షనే ఏడాదిపాటు వాయిదా వేసేవారికి పదేళ్లకోసారి కొలనోస్కోపీ నయం. ఫిట్‌లో రక్తం బయటపడితే ఎలాగూ కొలనోస్కోపీ తప్పదు. ‘మళ్లీ ఒకసారి ఫిట్ చేసి చూద్దాం’ అనడం ప్రమాదకరమైన పొదుపు.

లక్షణాలుంటే ఈ తూకమే అనవసరం, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మలంలో రక్తం, వారాల తరబడి మారిన విరేచనాల తీరు, కారణం తెలియకుండా తగ్గే బరువు. రక్తం కనబడగానే ‘మొలలే’ అనుకోవడం మన అలవాటు. చాలాసార్లు నిజంగానే మొలలు కావచ్చు, కానీ ఆ మాట పేగు చూశాక చెప్పాలి. మగవారిలో, ముట్లుడిగిన స్త్రీలలో ఐరన్ లోపం కనిపిస్తే, పేగులో రక్తం పోతోందేమో చూడకుండా మాత్రలతో సరిపెట్టకూడదు.

తొందరగా దొరికితే చికిత్స చిన్నది. మొదటి దశలో సాధారణంగా ఆపరేషనే సరిపోతుంది. లింఫు గ్రంథులకు పాకితే ఆపైన మూడు నుంచి ఆరు నెలల కీమోథెరపీ. పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో ముదిరితే చాలామందికి ఆపరేషన్‌కు ముందే రేడియేషన్ కూడా.

తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఫిట్ మాట పక్కనపెట్టండి. 40 ఏళ్లకు, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ గురించి డాక్టరును అడగండి.