మే నెలలో భితరకనిక టూర్ అమ్ముతున్నారు, అడ్వాన్సు కట్టకండి

ఆమదాలవలస, శ్రీకాకుళం, పలాస వైపు వాట్సాప్‌లో ఒక పోస్టరు తిరుగుతోంది. ఒడిశాలోని భితరకనిక నేషనల్ పార్కు, బీచ్, మొసళ్లు, తాబేళ్లు, అడవిలోనే బస, వేసవి సెలవుల స్పెషల్. మనిషికి 11,500 చొప్పున మా ఇంటిల్లిపాదికీ కట్టాం. పార్కు గేటు కూడా చూడలేదు.

ఆ పార్కును ఏటా మే 1 నుంచి జూలై 31 వరకు మూసేస్తారు. ఉప్పునీటి మొసళ్లు గుడ్లు పెట్టే కాలం అది. ఆడ మొసలి మడ అడవిలో ఆకూ అలమూ పోగేసి గూడు కట్టుకుని కాపలా కాస్తుంది, దగ్గరికి ఎవరొచ్చినా ఊరుకోదు. ఇందులో రహస్యమేమీ లేదు, అటవీ శాఖ ఏటా ప్రకటిస్తుంది. టూర్లు నడిపేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

భద్రక్‌లో రైలు దిగి చాంద్‌బాలీ చేరాక గైడు చల్లగా చెప్పాడు: "పైనుంచి ఆర్డరొచ్చింది సార్, నిన్ననే మూసేశారు." మా అత్తగారిది ఇచ్ఛాపురం, ఒడియా బాగా వచ్చు. ఆవిడ నేరుగా రేవులో పడవవాణ్ణి అడిగారు. అతను నవ్వి, "ఏటా ఇంతే కదమ్మా, మీవాళ్లకి తెలీదా?" అన్నాడట. గైడు ఆ తర్వాత మా వైపు చూడలేదు.

పార్కుకి బదులు ఒక ఇంజను పడవలో బైతరణి నదిలో అటూ ఇటూ తిప్పారు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు లేవు. పెద్దవాటికి బకిల్ ఊడిపోతే పురికొసతో కట్టారు. కనబడిన వైల్డ్‌లైఫ్ ఒక లకుముకి పిట్ట, నీళ్లలో పడుకున్న గేదెలు. బీచ్ పేరుతో చాందీపూర్ తీసుకెళ్లారు. అక్కడ ఆటు వేళ సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది, మమ్మల్ని సరిగ్గా అప్పుడే దింపారు. సముద్రాన్ని అనడానికి లేదు గానీ, టైము చూసుకోవడం వాళ్ల పనే కదా.

తాబేళ్ల మాట ఇంకా పచ్చి అబద్ధం. భితరకనిక పక్క తీరం గహీర్మఠలో, దాని దీవుల మీద, ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు వేలకు వేలు వచ్చి గుడ్లు పెట్టేది మామూలుగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో. ఆ దీవులు క్షిపణి పరీక్షలు చేసే అబ్దుల్ కలాం దీవి పక్కనే ఉంటాయి, అక్కడికి టూరిస్టులను రానివ్వరు. అంటే ఏ నెలలో చూపిస్తామన్నా మోసమే. ఆ దృశ్యమే కావాలనుకుంటే మనకు గంజాం దగ్గర రుషికుల్య ముఖద్వారం ఇంకా దగ్గర, అదీ ఆ సీజన్లోనే.

డబ్బు వెనక్కి అడిగితే ప్యాకేజీ కాగితం చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాలు చూపించారు: "అటవీ శాఖ అనుమతిని బట్టి మార్పులుండవచ్చు." జీఎస్టీ బిల్లు లేదు, డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి ఫోన్‌పే నంబరుకి. "డిసెంబరులో మళ్లీ తీసుకెళ్తాం, క్రెడిట్ నోట్ ఉంచుకోండి" అన్నారు. మాకొద్దని వాట్సాప్‌లోనే రాసి పెట్టాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు, రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు.

నిజంగా భితరకనిక చూడాలనుంటే చలికాలం పెట్టుకోండి. బస ఒడిశా ప్రభుత్వ ఎకోటూర్ వెబ్‌సైట్‌లో మీ పేరు మీదే బుక్ చేసుకోవచ్చు. ఏజెంటు ద్వారానే వెళ్తామంటే, మిగతా డబ్బు కట్టే ముందు బుకింగ్ కాగితం, ఎంట్రీ పర్మిట్ మీ పేరుతో చూపించమనండి. "అక్కడికెళ్లాక తీసుకుంటాం" అన్నాడంటే అక్కడితో ఆపేయండి.

ఈ పోస్టరు చూసి ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లుంటే చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదు కలిసి వేద్దాం.